వలస వెళ్ళిన చుట్టాలను ఫేస్‌బుక్, వాట్సాప్‌ల ద్వారా వెతకడం ఎలా: ఉద్దానం నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం జిల్లా తీరాన ఉన్న మా ఉద్దానంలో ఏ పాత ఇంటికి వెళ్ళినా గోడమీదో, రేకు పెట్టెలోనో ఎవరూ గుర్తుపట్టలేని ఒక ఫొటో ఉంటుంది. అందులో ఉన్నది ఎవరని అడిగితే "రంగం (రంగూన్) వెళ్ళిపోయాడు" అనో, "ఖర్గపూరు వెళ్ళాడు, మరి రాలేదు" అనో ఒక్క మాటలో సమాధానం వస్తుంది. ఆ ఒక్క మాట వెనక ఉన్న కథ తెలిసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి బర్మాలోని రంగూన్‌కు, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు, కలకత్తా పరిసరాల జనపనార మిల్లులకు, అండమాన్‌కు తరతరాలుగా జనం వెళ్ళారు కాబట్టి ఇలా ఒక కొమ్మ తెగిపోయిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి.

మా అమ్మమ్మ తమ్ముడు పదహారేళ్ళ వయసులో రంగం వెళ్ళాడు. యుద్ధకాలంలో కాలినడకన తిరిగి వచ్చి, ఊరు చేరకుండానే ఖరగ్‌పూర్‌లో పనికి కుదిరాడు. కొన్నేళ్ళపాటు మనియార్డర్లు పంపాడు. ఆ తరవాత ఉత్తరం లేదు, కబురు లేదు. 2023లో నేను ఆయన కుటుంబాన్ని ఫేస్‌బుక్ ద్వారా వెతకడం మొదలుపెట్టాను. నా మొదటి ప్రయత్నం పూర్తిగా విఫలమైంది. రెండో ప్రయత్నంలో పంతొమ్మిదో రోజున జాడ దొరికింది. ఆ రెండింటి మధ్య నేను మార్చుకున్న పద్ధతినే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఫేస్‌బుక్ మన చుట్టాన్ని వెతికి పెట్టదు. మన చుట్టాన్ని ఎరిగిన మనిషి కంట మన ప్రశ్న పడేలా చేయడమే అది చేయగలిగిన పని. అందువల్ల శ్రమ అంతా ఆ ప్రశ్నను సిద్ధం చేయడంలోనే ఉంటుంది.

మొదటి అడుగు: ఫోను పక్కన పెట్టి పెద్దలతో మాట్లాడండి

వెతుకులాట ఇంట్లో మొదలవ్వాలి. మీ ఇంట్లో, మీ వీధిలో డెబ్బై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరి దగ్గరా విడివిడిగా కూర్చోండి. అందరినీ ఒకచోట చేర్చి అడిగితే గట్టిగా మాట్లాడేవారి మాటే మిగిలినవారి జ్ఞాపకంగా మారిపోతుంది. వారు ఒప్పుకుంటే ఫోనులో మాటలు రికార్డు చేసుకోండి. ఏ సంవత్సరంలో వెళ్ళాడని అడగవద్దు. ఎవరి పెళ్ళికి ముందు, ఏ తుఫాను తరవాత, అప్పటికి ఇంట్లో పెద్ద పిల్ల నడుస్తోందా అని అడగండి. మన పెద్దల జ్ఞాపకం సంవత్సరాల లెక్కలో ఉండదు, పెళ్ళిళ్ళ లెక్కలో, పురుళ్ళ లెక్కలో ఉంటుంది.

ఈ సంభాషణల్లో తప్పకుండా రాబట్టవలసిన వివరాలు నాలుగున్నాయి. ఒకటి, ఆయనతో పాటు ఊరి నుంచి ఇంకెవరు వెళ్ళారన్నది. బర్మాకు కూలీలను మేస్త్రీలు గుంపులుగా తీసుకుపోయేవారు కాబట్టి ఒంటరిగా వెళ్ళినవారు తక్కువ. ఆ తోటివారి కుటుంబాలకు ఇప్పటికీ అటువైపు రాకపోకలు ఉండవచ్చు. రెండు, ఇంటి గుర్తుపేరు. ఒకే ఊరిలో ఒకే ఇంటిపేరుతో ఇరవై కుటుంబాలు ఉన్నప్పుడు "రేవు కాడోళ్ళు", "చింతచెట్టు కాడోళ్ళు" అని వేరు చేసి పిలుస్తారు. ఈ పేరు ఏ కాగితం మీదా ఉండదు, అందుకే దాని విలువ ఎక్కువ. మూడు, ఇంట్లో పిలిచే ముద్దుపేరు. నాలుగు, ఆయన ఊరు విడవడానికి అసలు కారణం. ఇది చాలాసార్లు భూమి పంపకంతోనో, ఒక మాటపట్టింపుతోనో ముడిపడి ఉంటుంది. అడిగేటప్పుడు ఓపిక కావాలి. మా అమ్మ ఈ కారణాన్ని నాకు మూడో సాయంత్రం గాని చెప్పలేదు.

రెండో అడుగు: ఫొటోను, కాగితాలను చదవండి

ఫొటోలోని ముఖం కన్నా దాని వెనకవైపు, దాని అట్ట, దానితో పాటు దాచిన కాగితాలు ఎక్కువ సమాచారం ఇస్తాయి. స్టూడియో ముద్ర సాధారణంగా అట్ట కింది మూలలో ఉబ్బెత్తుగా ఉంటుంది లేదా వెనకవైపు రబ్బరు స్టాంపుగా ఉంటుంది. ఉబ్బెత్తు ముద్ర చదవలేకపోతే టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుంటే నీడలతో అక్షరాలు తేలుతాయి.

ఉత్తరాలు, మనియార్డరు కూపన్లు దొరికితే వాటి మీది చిరునామాయే కాలాన్ని చెబుతుంది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లాలో ఉండేవి. ఆ తరవాత విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. కాబట్టి మీ ఊరి పేరు పక్కన "గంజాం జిల్లా" అని ఉంటే అది 1936కు ముందుది గాని, పాత అలవాటుతో రాసినది గాని అయి ఉండాలి. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వైపు వారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడేదాకా ఆ ప్రాంతాలు శ్రీకాకుళం జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను మళ్ళీ విభజించినప్పుడు రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. దూరాన ఉన్న కుటుంబం తాత చెప్పిన పాత జిల్లా పేరునే నేటికీ వెతుకుతూ ఉండవచ్చు కాబట్టి మీ పోస్టులో పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ రాయాలి.

అలాగే చిరునామాలో "మద్రాసు రాష్ట్రం" అని ఉంటే 1953 అక్టోబరు 1కి ముందుదని, "ఆంధ్ర రాష్ట్రం" అని ఉంటే అప్పటి నుంచి 1956 నవంబరు 1 దాకా సాగిన మూడేళ్ళలోనిదని ఊహించవచ్చు. మనియార్డరు మొత్తం రూపాయలు, అణాలలో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది, నయా పైసలలో ఉంటే ఆ తరవాతది. పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తరవాతది. రంగూన్ నుంచి వచ్చిన కవరు మీద మామూలు భారతీయ స్టాంపు ఉంటే 1937కు ముందుదని చెప్పవచ్చు, ఎందుకంటే 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి వేరుపడింది.

రైల్వే ఉద్యోగుల విషయంలో కంపెనీ పేరు కూడా ఇలాగే ఉపయోగపడుతుంది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు మొదట బెంగాల్ నాగపూర్ రైల్వేది. 1952లో అది ఈస్టర్న్ రైల్వేలో కలిసింది, 1955 ఆగస్టులో సౌత్ ఈస్టర్న్ రైల్వేగా వేరుపడింది. మా దగ్గరున్న కూపన్లలో ఒకదాని మీద పంపినవారి చిరునామాలో "ఈ.రైల్వే" అని ఉంది. ఆ మూడక్షరాల వల్ల ఆయన 1952కు, 1955కు మధ్య వర్క్‌షాపులో ఉన్నాడని తేలింది. అప్పటిదాకా ఇంట్లో అందరూ ఆయన అంతకు చాలా ముందే చనిపోయాడని అనుకునేవారు. సామాన్యుల మాటల్లో మాత్రం "బీఎన్నార్" (బెంగాల్ నాగపూర్ రైల్వే) అనే పేరు చాలాకాలం నిలిచింది కాబట్టి, నోటిమాటను కాలనిర్ణయానికి వాడవద్దు. కాగితాన్నే వాడండి.

మూడో అడుగు: స్కాన్ చేసే విధానం

తీరప్రాంతపు ఉప్పుగాలికి, తేమకు, 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ వంటి తుఫానులకు తడిసిన ఫొటోలు ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటాయి. అలాంటివాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఊడదీయకండి, ముఖం అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా పగటి వెలుతురులో, నీడలో, ఫ్లాష్ లేకుండా, ఫోనును ఫొటోకు సమాంతరంగా పట్టుకుని తీయండి. విడిగా ఉన్న ఫొటోను జిరాక్స్ షాపులో 600 డీపీఐ స్కాన్ చేయించండి. ముందు, వెనక, అట్ట, కవరు అన్నీ స్కాన్ చేయాలి.

ఫొటోకు రంగులు వేసే, ముఖాన్ని స్పష్టం చేసే కృత్రిమ మేధ యాప్‌లను గుర్తింపు కోసం వాడవద్దని నేను గట్టిగా చెబుతాను. అవి ముఖాన్ని స్పష్టం చేయవు, లేని కనుబొమను, లేని ముక్కును కొత్తగా గీస్తాయి. నేను మొదటిసారి పెట్టినది అలా మెరుగులు దిద్దిన ఫొటోనే. దానిని చూసి మా అమ్మే "మా మావయ్య ఇలా ఉండేవాడు కాదు" అన్నది.

నాలుగో అడుగు: ఎక్కడ అడగాలో తేల్చుకోండి

నా మొదటి పోస్టు జిల్లాకు సంబంధించిన ఒక పెద్ద గ్రూపులో పెట్టాను. "ఈ ఫొటోలో ఉన్నవారు ఎవరో తెలుసా?" అని మాత్రమే రాశాను. వందల కొద్దీ నమస్కారాలు, హృదయాల గుర్తులు, "దొరకాలని కోరుకుంటున్నాం" అనే మాటలు వచ్చాయి. సమాచారం ఒక్కటి కూడా రాలేదు. ఆలోచిస్తే కారణం తెలిసింది. వెళ్ళిపోయిన మనిషిని ఆయన వదిలి వెళ్ళిన చోటనే అడిగాను. ఆయన చేరిన చోట అడగలేదు.

ఖరగ్‌పూర్‌లో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు, వారిలో అధికభాగం మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళిన కుటుంబాలే. అయితే మూడో తరం వారు ఇంట్లో తెలుగు మాట్లాడినా తెలుగు లిపి చదవలేకపోవచ్చు. వారు బడిలో నేర్చినది బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు. తెలుగులో మాత్రమే రాసిన పోస్టు వారి కళ్ళ ముందు నుంచి వెళ్ళినా అర్థం కాదు. కాబట్టి ఒకే పోస్టులో తెలుగు, ఇంగ్లీషు, ఆ ప్రాంతపు భాష మూడూ ఉండాలి. బరంపురం, పర్లాకిమిడి వైపు అయితే ఒడియా కావాలి. యంత్ర అనువాదం వాడితే ఆ భాష తెలిసిన ఒకరికి చూపించిన తరవాతే పెట్టండి, ఎందుకంటే బంధుత్వ పదాలను యంత్రం దాదాపు ఎప్పుడూ తప్పుగానే మారుస్తుంది. మేనమామ, బాబాయి ఒకే మాటగా మారిపోతే వెతుకులాట అక్కడే దారి తప్పుతుంది.

ఇంటిపేరుతో ఫేస్‌బుక్‌లో వెతికితే దొరకకపోవడానికి కూడా ఇటువంటి కారణమే ఉంది. మా వాళ్ళ విషయంలో అక్కడి బడిలో పేరు చివర ఉన్న "రావు"నే ఇంటిపేరుగా నమోదు చేశారు. పిల్లలు, మనవలు అందరూ "రావు"లయ్యారు. అసలు ఇంటిపేరు ఒక్క ముసలి కూతురి జ్ఞాపకంలో మిగిలింది. ఇంటిపేరు మారి ఉండవచ్చని, ఇంగ్లీషులో దాన్ని నాలుగైదు రకాలుగా రాసి ఉండవచ్చని ముందే అనుకుని అన్ని రూపాలూ వెతకండి.

నా అనుభవంలో ఉపయోగపడిన గ్రూపులు చిన్నవి. వెళ్ళిన ఊరి పాత ఫొటోలు పెట్టుకునే గ్రూపు, అక్కడి తెలుగువారి గుడి ఉత్సవాల గ్రూపు, పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగుల గ్రూపు, ఒకే బడిలో చదివినవారి గ్రూపు మొదటివిగా చూడవలసినవి. కొన్ని వందల మంది మాత్రమే ఉన్న గ్రూపులో ప్రశ్న మూడు రోజులైనా పైన కనబడుతుంది. లక్ష మంది ఉన్న గ్రూపులో గంటలో కిందికి జారిపోతుంది. కులం, ఇంటిపేరు ఆధారంగా నడిచే గ్రూపులు వంశవృక్షాల విషయంలో నిజంగానే సాయపడతాయి, కాని అక్కడ అడిగేటప్పుడు కుటుంబపు గొడవలు, భూమి వివరాలు రాయవద్దు. ఏ గ్రూపులోనైనా ముందు అడ్మిన్‌కు విడిగా రాసి అనుమతి తీసుకోండి. అడ్మిన్ తానే ఆ ప్రాంతపు పెద్దలను ఎరిగినవాడై ఉంటాడు, చాలాసార్లు మొదటి ఆధారం ఆయన నుంచే వస్తుంది.

బర్మా జాడల గురించి కొంచెం వేరుగా చెప్పాలి. 1942 మార్చిలో జపాను సైన్యం రంగూన్‌ను ఆక్రమించుకున్న సమయంలో లక్షలమంది భారతీయులు అరకాన్, మణిపూర్ దారులలో నడిచి వచ్చారు. దారిలో ఎంతోమంది చనిపోయారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలను జాతీయం చేసిన తరవాత మరో విడత కాందిశీకులు ఓడల్లో తిరిగివచ్చారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేరు ఆ జ్ఞాపకమే. మీ వారు 1960లలో తిరిగి వచ్చి ఉండే అవకాశం ఉంటే ముందు విశాఖలో వెతకండి. బర్మాలోనే ఉండిపోయినవారి సంతతి కోసమైతే తెలుగువారిని అక్కడ కోరంగీలు అని పిలిచేవారన్న సంగతి గుర్తుంచుకుని ఆ పదంతో కూడా వెతకండి. 2021 ఫిబ్రవరి నుంచి మయన్మార్‌లో ఫేస్‌బుక్‌ను నిషేధించారు. అక్కడివారు దొడ్డిదారిన చూడవలసి వస్తోంది. ఆ దేశంలో ఉన్నవారి ముఖాలు, చిరునామాలు బహిరంగంగా పెట్టి వారిని చిక్కుల్లో పెట్టకూడదు. విడిగానే మాట్లాడండి.

అండమాన్ సంగతి సులువు. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) తెలుగువారిలో మన జిల్లా మూలాలు ఇంకా తాజాగా ఉన్నాయి, రాకపోకలూ ఉన్నాయి. అక్కడికి సామాజిక మాధ్యమం కన్నా మీ ఊరి నుంచి అక్కడ పనిచేస్తున్న ఒకరి ఫోను నంబరే త్వరగా దారి చూపుతుంది.

ఐదో అడుగు: పోస్టు రాయడం

మంచి పోస్టులో ఒక ఊరు, ఒక కాలం, ఒక పని, ఒక చిన్న ప్రశ్న ఉంటాయి. మనిషి ఎవరని అడిగితే తెలియనివారు తప్పుకుంటారు. ఈ స్టూడియో ఏ వీధిలో ఉండేదని అడిగితే మనిషిని ఎరగనివారు కూడా జవాబు చెబుతారు, ఆ జవాబుల మధ్య నుంచే మనిషిని ఎరిగినవారు బయటికి వస్తారు. నా రెండో పోస్టు ఇంచుమించు ఇలా ఉంది:

"నమస్కారం. ఈ ఫొటో 1950లలో ఖరగ్‌పూర్‌లో తీసినది. వెనకవైపు ఉన్న స్టూడియో ముద్రను రెండో ఫొటోలో చూడవచ్చు. ఇందులో కుడివైపు నిలబడినవారు మా అమ్మమ్మ తమ్ముడు. స్వగ్రామం కవిటి ప్రాంతం (పాత గంజాం జిల్లా, నేటి శ్రీకాకుళం జిల్లా). ఇంటిపేరు (పేరు). బర్మా నుంచి 1942 తరవాత వచ్చి రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. ఈ స్టూడియో ఎక్కడ ఉండేదో, 1955 ప్రాంతంలో వర్క్‌షాపులో పనిచేసిన ఉద్దానం వారి కుటుంబాలు ఇప్పుడు ఏ వీధుల్లో ఉన్నాయో తెలిసినవారు దయచేసి చెప్పగలరు. మేము ఆస్తి విషయమై వెతకడం లేదు. మా అమ్మకు తన మేనమామ పిల్లలను చూడాలని ఉంది."

చివరి రెండు వాక్యాలు మర్యాద కోసం రాసినవి కావు. ఎనభై ఏళ్ళ తరవాత చుట్టం పేరుతో ఎవరైనా వస్తే ఇరువైపులా మొదట పుట్టేది భూమి భయమే. వాళ్ళు వాటా అడుగుతారని మనవైపు, మా ఇల్లు రాయించుకుంటారని వారివైపు అనుకుంటారు. దానిని ముందే మాటల్లో పెట్టడం మంచిది, పెట్టే ముందు మీ ఇంట్లోని అన్నదమ్ములందరితో మాట్లాడి అది నిజమయ్యేలా చూసుకోవడం అవసరం.

పోస్టులో ఏది రాయకూడదన్నది కూడా అంతే ముఖ్యం. ఇంటి గుర్తుపేరు, ముద్దుపేరు, ఊరు విడిచిన కారణం, ఈ మూడింటినీ రాయకండి. అవి తరవాత నిజం తేల్చుకోవడానికి మీ చేతిలో మిగిలి ఉండాలి. ఫోను నంబరు, ఆధార్ వంటి కాగితాలు, బతికి ఉన్నవారి ఫొటోలు వారి అనుమతి లేకుండా పెట్టవద్దు. ఫొటోలో పక్కన ఉన్నవారు ఎవరో తెలియకపోతే పరవాలేదు. వారి వల్లే గుర్తింపు రావచ్చు.

వాట్సాప్‌లో పంపేటప్పుడు ఇంకొన్ని జాగ్రత్తలు అవసరం. ఫొటోను మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపండి. ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్ళేటప్పుడు కింద రాసిన మాటలు ఊడిపోవచ్చు కాబట్టి ముఖ్యమైన నాలుగు పంక్తులను, పోస్టు పెట్టిన తేదీని ఫొటో కింద తెల్లని పట్టీ మీద ముద్రించి ఒకే చిత్రంగా చేయండి. తేదీ లేకపోతే నాలుగేళ్ళ తరవాత కూడా అది తిరుగుతూనే ఉంటుంది. ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని వాట్సాప్ ఒకసారికి ఒకరికే పంపనిస్తుంది. అందుకని ప్రతి గ్రూపుకూ ఫార్వర్డ్ చేయకుండా మళ్ళీ కొత్తగా పంపండి.

పెట్టే సమయం కూడా చూసుకోవాలి. సంక్రాంతికి, విజయదశమి తరవాతి మంగళవారం జరిగే విజయనగరం సిరిమానోత్సవానికి, అరసవల్లి రథసప్తమికి వలస వెళ్ళినవారు ఊళ్ళకు వస్తారు, ఇంట్లో పాత మాటలు సాగుతాయి. ఆ పండుగలకు వారం ముందు పెట్టిన పోస్టును ఇంట్లో పెద్దలకు చూపించేవారు దొరుకుతారు. ముసలివారికి ఫేస్‌బుక్ ఉండకపోవచ్చు. వారి మనవరాలికి ఉంటుంది.

ఆరో అడుగు: ఎదురుచూడటం, జవాబులు చదవడం

ప్రతి వ్యాఖ్యకూ జవాబు ఇవ్వండి. జవాబు ఇచ్చినప్పుడల్లా పోస్టు మళ్ళీ కొందరికి కనబడుతుంది. ఎవరైనా "మా పక్కింటి ముసలాయనకు తెలిసి ఉండవచ్చు" అంటే, ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని విడిగా మర్యాదగా అడగండి.

మీకు స్నేహితులు కానివారు పంపిన సందేశాలు ఫేస్‌బుక్‌లో మామూలు పెట్టెలోకి రావు. మెసేజ్ రిక్వెస్టులు అనే చోట, ఒక్కోసారి స్పామ్‌లో పడి ఉంటాయి. రోజూ అక్కడ చూడండి. మీరు పంపినవి కూడా అవతలివారికి అక్కడే పడతాయి కాబట్టి వారం దాటినా జవాబు రాకపోతే అలిగి ఊరుకోకుండా, వారి పోస్టు కింద "మీకు ఒక సందేశం పంపాను, దయచేసి రిక్వెస్టులలో చూడండి" అని రాయండి.

నాకు పంతొమ్మిదో రోజున వచ్చిన జవాబు మనిషి గురించి కాదు. పదవీ విరమణ చేసిన ఒక ఫిట్టర్ ఆ స్టూడియో గోల్‌బజార్‌లో ఉండేదని, ఫొటోలో ఎడమవైపు కూర్చున్న వ్యక్తి తన తండ్రితో పనిచేసినవాడని రాశారు. ఆ ఎడమవైపు వ్యక్తి కుటుంబం ద్వారా మా వాళ్ళ వీధి తెలిసింది. మేము వెతికిన మనిషి ముఖాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. పక్కవాడి ముఖాన్ని కత్తిరించకుండా పెట్టినందుకే జాడ దొరికింది.

ఏడో అడుగు: నిజం తేల్చుకోవడం

ఈ అడుగులో తొందరపడితే రెండు కుటుంబాలకు బాధ మిగులుతుంది. అదే ఇంటిపేరు, అదే మండలం, అదే వర్క్‌షాపు చెప్పిన ఒక కుటుంబంతో నేను మూడు వారాలు మాట్లాడాను. ఆ ఇంటి పెద్దాయన ఫోనులో కన్నీళ్ళు పెట్టుకున్నారు కూడా. ఇంటి గుర్తుపేరు అడిగితే వేరేది చెప్పారు. వారు పక్క ఊరివారు. వారి వెతుకులాట వేరు, మాది వేరు. ముందే అడిగి ఉంటే ఆ ముసలాయనకు ఆ నిరాశ తప్పేది. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా మొదటి సంభాషణలోనే, ఆశ పెరగకముందే, ఆ ప్రశ్న అడగమని చెబుతున్నాను.

అడిగే తీరు ముఖ్యం. "మీ వాళ్ళను రేవు కాడోళ్ళు అనేవారా?" అని మనమే జవాబు అందిస్తే, అవుననే వస్తుంది. "ఊళ్ళో మీ వాళ్ళను ఏమని పిలిచేవారని మీ నాన్నగారు చెప్పేవారు?" అని అడిగి ఊరుకోవాలి. మీరు దాచుకున్న మూడు వివరాలలో రెండైనా కలవాలి. కాగితాలలో ఒకటైనా రెండువైపులా సరిపోవాలి. ఉద్యోగపు గుర్తింపు పత్రం, పింఛను కాగితం, అదే ఫొటో ఇంకో ప్రతి, ఇవి మంచి సాక్ష్యాలు. ముఖాల పోలికను చివరి సాక్ష్యంగా కూడా తీసుకోకండి, చూడాలని తపిస్తున్న కంటికి ప్రతి ముఖమూ కలుస్తుంది.

మోసగాళ్ళు కూడా ఇటువంటి పోస్టులను చదువుతారు. నా పోస్టు పెట్టిన రెండో రోజునే ఒకరు తాను మనవడినని, తాత ఆసుపత్రిలో ఉన్నాడని, వెంటనే డబ్బు పంపమని రాశారు. తాతకు అప్పటికి నూరేళ్ళు దాటాలి. చుట్టరికం తేలేదాకా డబ్బు, ఓటీపీ, బ్యాంకు వివరాలు ఏవీ ఇవ్వకండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయండి. మొదటి గంటల్లో చెబితే ఆ మొత్తాన్ని నిలిపివేసే అవకాశం ఉంటుంది.

ఎనిమిదో అడుగు: మొదటి పలకరింపు

మొదటి ఫోను మీరు చేయవద్దు. ఇంట్లో ఆ బంధానికి దగ్గరైన పెద్దవారి చేత చేయించండి, వీడియో కాల్ కన్నా మామూలు ఫోను మంచిది. ముఖం చూడగానే మాట రాని వయసు వారిది. ముందుగా వరస తేల్చుకోండి. ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక కాగితం మీద గీసుకుని పక్కన పెట్టుకోండి. నేను ఆ పని చేయలేదు. అమ్మ పక్కన కూర్చుని, అటువైపు ఉన్న పెద్దావిడను "పిన్నీ" అని పలకరించాను. ఆవిడకు డెబ్బై ఏళ్ళు. తెలుగు అక్షరం రాదు. పుట్టింది, పెరిగింది ఖరగ్‌పూర్‌లోనే. ఒక్క క్షణం ఆగి, అచ్చంగా మా ఊరి యాసలో, "పిన్నిని కాను బావూ. మీ అమ్మ నాకు వదిన. నీకు అత్తనౌతాను" అన్నది. మేనత్త కూతురు వదిన వరస అవుతుందని, వదిన బిడ్డకు తాను అత్త అవుతుందని ఆవిడ లెక్క వేసుకున్న వేగం చూసిన తరవాత మా ఇంట్లో ఇంకే సాక్ష్యమూ ఎవరూ అడగలేదు. అయినా గుర్తుపేరు అడిగాము, "రేవు కాడ" అని చెప్పింది.

మొదటి రోజు పాత గొడవల ఊసు ఎత్తకండి. ఎవరెవరు ఉన్నారు, ఎవరెవరు పోయారు అన్నదే చాలు. ఇక్కడివారి చావు కబురు అక్కడికి చేరి ఉండదు. ఆమె తన తండ్రి అక్క ఎప్పుడు పోయిందని అడిగినప్పుడు, తేదీ చెప్పి కాసేపు మౌనంగా ఉండటం తప్ప చేయగలిగినది లేదు.

ఇరువైపులా మనసు కుదిరితే మనిషి వెళ్ళాలి. ఖరగ్‌పూర్ హౌరా, చెన్నై ప్రధాన రైలుమార్గం మీదే ఉంది, పలాస నుంచి నేరుగా బండ్లు ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఫొటోల ప్రతులు, ఊరి ఇంటి ఫొటో, కొబ్బరికాయలు, జీడిపప్పు తీసుకుపోండి. ఇద్దరు ముగ్గురు మాత్రమే వెళ్ళండి. పదిమంది కలిసి వెళితే భూమి భయం మళ్ళీ మొదలవుతుంది.

తొమ్మిదో అడుగు: పోస్టును ముగించడం

జాడ దొరికిన వెంటనే పాత పోస్టుల పైన "దొరికారు, ధన్యవాదాలు" అని తేదీతో రాయండి. వాట్సాప్ గ్రూపులలో కూడా అదే చెప్పండి. సాయం చేసిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా విడిగా రాయండి. అవతలి కుటుంబం వద్దంటే కలయిక ఫొటోలు పెట్టకండి. వారి జీవితంలో మనం ఇంకా కొత్తవాళ్ళమే. ఫొటోలో ఉన్న అందరి పేర్లు, సంవత్సరం, ఊరు, చెప్పినవారి పేరు విడి కాగితం మీద రాసి ఫొటోతో పాటు ఒక కవరులో పెట్టండి. పెన్నుతో ఫొటో వెనక రాస్తే సిరా ముందుకు ఊరుతుంది, మెత్తని పెన్సిలు అయితే పరవాలేదు. స్కాన్‌లను మూడు ఇళ్ళలో, మూడు పరికరాలలో ఉంచండి.

నా పోస్టు కింద ఇప్పటికీ అప్పుడప్పుడు ప్రశ్నలు వస్తున్నాయి. నేను మూడు వారాలు పొరపాటుగా మాట్లాడిన ఆ పెద్దాయన కుటుంబం గురించి పక్క ఊరిలో అడిగి చూశాను. ఆ ఇంటి గుర్తుపేరు తెలిసిన ఒక ముసలమ్మ దొరికింది. వచ్చే సంక్రాంతికి ఆయన మనవడు సోంపేటలో రైలు దిగుతానన్నాడు. స్టేషనుకు నేనే వెళ్ళి తీసుకువస్తానని చెప్పాను.